గురువారం, పది నిమిషాలు

ఆ రాత్రి గురించి మినిట్స్ పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంది:
"ఏప్రిల్ పదకొండు, తెల్లవారుజాము రెండుంబావుకి పంపు ఆగింది."
రాసింది నేనే.
అన్స్-బ్రూలే పురపాలక సంఘంలో గుమాస్తాని.
ఆ వాక్యానికి వాసన లేదు. తప్పు నాదే.

కింద మంచు కరుగుతోంది, పైన వాన.
ఊరంతటికీ ఒకటే పంపు, ఒకటే గొట్టం,
డెబ్భై రెండులో వేసింది.
అందరి వంటిళ్లూ, అందరి స్నానాలూ
కొండ దిగి, నది ఒడ్డున గుమిగూడి,
ఆ ఒక్క గొంతులోంచే పైకెక్కాలి.
గొంతు పూడింది.
నీళ్లు వచ్చిన దారినే వెనక్కి బయల్దేరాయి,
మొదట ఎదురైన తలుపు తడుతూ.

దిగువ వీధిలో జెలికా తెరియో ఇల్లు.
టార్చి పట్టుకుని సెల్లార్ మెట్ల మీద నిలబడింది.
బీట్‌రూట్ సీసాలు, మొగుడి పాత స్కీలు,
కుట్టు మిషను, అన్నీ తేలుతున్నాయి
ఊరి గుట్టు మధ్య.
"ఎవరిది ఏదో చెప్పగలను" అంది తర్వాత నాతో, నవ్వకుండా.
"పళ్ల డాక్టరు ఇంట్లో ఆ రాత్రి మొక్కజొన్న తిన్నారు."

జూన్‌లో సభ.
మాంక్టన్ నుంచి వచ్చిన ఇంజనీరు కుర్రాడు
గోడకి బొమ్మ అతికించాడు:
రెండో పంపు, రెండో గొట్టం, డీజిల్ జనరేటరు.
"మామూలు రోజుల్లో ఇవి పనిచెయ్యవు" అన్నాడు.
నిజం చెప్పి నోరు కాల్చుకున్నాడు పాపం.
పనిచెయ్యని దానికి
ఏటా ఇంటికి నూట నలభై డాలర్లా?
కొండమీద సెల్లార్లు ఎప్పుడూ పొడే.
నీరు పల్లమెరుగు.
నిజం మాత్రం, ఆ సాయంత్రం ఆ హాల్లో
ఎరిగినవాళ్లు కూడా ఎరగనట్టే కూర్చున్నారు.

జెలికా లేచింది.
కుర్చీలన్నీ అటు తిరిగాయి.
ఏడుస్తుందనుకున్నాం, తిడుతుందనుకున్నాం.
"తవ్వేటప్పుడు నా లైలాక్ పొద పోతుందా?" అని అడిగింది.
కుర్రాడు కాగితాలు తిరగేశాడు. "పోతుందండీ."
"అయితే వారం ముందు చెప్పండి, పిలక తీసుకుంటాను."
కూర్చుంది.
ఐదు చేతులు లేచాయి, నాలుగు లేవలేదు.

రెండు వేసవులు ఊరు కడుపు తెరుచుకుని పడుకుంది.
మురుగంతా తాత్కాలికంగా
రోడ్డు పక్కన నీలం గొట్టంలో నడిచింది.
పిల్లలు దాని మీంచి దూకేవాళ్లు,
చెవి ఆనించి వినేవాళ్లు,
"అదిగో మేయరుగారు వెళ్తున్నారు" అని అరిచేవాళ్లు.
పాత గొట్టం బయటికి తీస్తే
లోపల కొవ్వు రాయిలా పేరుకుని
చెయ్యి దూరేంత సందే మిగిలింది.
యాభై ఏళ్లు అందులోంచి బతికాం.

ఇప్పుడు రెండో పంపు ఉంది.
ఆకుపచ్చ రంగు, ఇంకా కొత్త వాసన.
మొదటిది రాత్రీ పగలూ మూలుగుతుంటే
ఇది పక్కన ఊరికే కూర్చుంటుంది,
పెళ్లిలో పని చెప్పని బంధువులా.
గురువారం గురువారం ఒనెజిమ్ అషే వచ్చి
దాన్ని పది నిమిషాలు తిప్పుతాడు.
"వదిలేస్తే బిగుసుకుపోతుంది" అంటాడు.
ఆ పది నిమిషాలూ పక్కనే నిలబడతాడు,
టోపీ తీసి. ఎందుకో అడగలేదు.

కిందటి నవంబరులో, గాలివాన రాత్రి,
మూడు గంటలకి మొదటిది ఆగింది.
రెండోది అందుకుంది.
ఒనెజిమ్ లాగ్‌బుక్‌లో రెండు అంకెలు తప్ప
ఎక్కడా ఏమీ లేదు. ఎవరూ లేవలేదు.
నేను కూడా పడుకునే ఉన్నాను.

ఇక ఈ లైలాక్ సంగతి.
జెలికా ఆ పిలకని సరిగ్గా
కొత్త గొట్టం పైనే నాటింది.
నిబంధన ప్రకారం పది అడుగుల దూరం ఉండాలి.
వేళ్లకి మురుగు గొట్టమంటే దాహం.
తీసెయ్యమని నోటీసు టైపు చేశాను.
సంతకమూ అయింది. సొరుగులో ఉంది.
పూత అయిపోనీ, ఇస్తాను.