కాడ తాగిన నీలం

పట్టుకి రంగెయ్యడం మానేసి పదకొండేళ్లు.
అయినా బైరాగి మావ గోళ్ల చుట్టూ
నీలం ఇంకా కాపురం ఉంటోంది.

ఆ రోజు బడి నుంచొచ్చి కుని
నాలుగు తెల్ల చామంతులు గూట్లో పెట్టి
"సారు రంగెయ్యమన్నారు తాతా" అంది
సగం ఒడియాలో.
బరంపురంలో మా వీధి పిల్లల మాట
ఎప్పుడూ సగంలోనే మలుపు తిరుగుతుంది.

అటక మీంచి రేకు డబ్బా దిగింది.
అడుగున చెంచాడు పొడి, తేమకి గడ్డకట్టి.
వెనకే నూనె మరకల చిట్టా పుస్తకం.
ఏ రంగుకి ఎంత ఉప్పు, ఎన్ని పొంగులు,
అంతా తెలుగులో రాసుకున్నాడు మావ.
కునికి ఆ అక్షరాలు రావు.
వేలు పెట్టి చదివి వినిపించాడు.
సలసల కాగే నీళ్లలో
ఒక పువ్వుని తలకిందులుగా ముంచారు.

ఉడికిన ఉల్లిపొరలా బైటికొచ్చింది.
రంగు పట్టింది గానీ
పువ్వు లేదు.

మావ చాలాసేపు మాట్లాడలేదు.
నలభై ఏళ్లు కర్రతో తిప్పి, ముంచి, పిండి,
ఎన్ని చిలపల పట్టుని లొంగదీసుకున్న చేతులో అవి!

రెండోసారి కుని చెప్పింది, ఆయన విన్నాడు.
చన్నీళ్లు. ఉప్పొద్దు.
కాడ చివర బ్లేడుతో ఏటవాలు కోత.
నా స్టీలు గ్లాసులో మూడింటినీ నిలబెట్టి
"ఇంక మనకి పని లేదు" అంది.

పని లేకుండా కూర్చోవడం మావకి రాదు.
రాత్రి రెండుసార్లు లేచి టార్చి వేసి చూశాడు,
పురిటి గది బయట మొగుడిలా.

తెల్లారేసరికి
రేకుల్లో సన్నగా, పోగు వెంట పోగు,
నీలం.
ఒక పువ్వు మాత్రం ఎందుకో తాగనే లేదు.
మావ ఒక రేకు తుంచి
తడిగుడ్డ మీద మెల్లగా రుద్దాడు,
షావుకారు ముందు చీర చెంగు రుద్దినట్టు.
కాస్త పసరు తప్ప గుడ్డకి ఏమీ అంటలేదు.

"మనం పైనుంచి తోసేవాళ్లం" అన్నాడు నాతో,
"దీనికి దాహముందని ఎవడికి తెలుసు?"

ఆ రంగుకి చిట్టాలో పేరు లేదు.
కొత్త పేజీ తీసి పెన్ను పిల్లకిచ్చాడు.
తాత చెవిలో చెప్పిన తెలుగు పేరుని
గుండ్రటి ఒడియా అక్షరాల్లో రాసింది కుని.
నేను ఇచ్ఛాపురం దాన్ని, అవి చదవలేను.
అడిగితే ఇద్దరూ నవ్వుతారు, చెప్పరు.

నా గ్లాసు మాత్రం
చింతపండేసి తోమినా
అడుగంచున ఇంకా నీలంగానే ఉంది.