సీమజాలి

ఫిబ్రవరి నెలాఖరున
నడిమి వంక గట్టు మీద, రైలుకట్టకు ఇవతల,
ఒకే చెట్టుకు నలభై సంచులు కట్టినాను.
దోమతెర గుడ్డ, మెడకు దారం,
ఒక్కోదానికి రేకుబిళ్ళ మీద నంబరు.
లోపల ఇంకా విచ్చుకోని పూలకంకి.
ప్రశ్న చిన్నదే:
తేనెటీగ వాలకుంటే, పక్క చెట్టు పుప్పొడి తగలకుంటే
ఇది తనకు తానే కాయ కాస్తుందా?

"కంపచెట్టుకు ముసుగేస్తాండావా పాపా,
దానికి సిగ్గు ఎప్పుడుండె?"
మారెక్క. పదకొండు మేకలు, ఒక చిల్లుల గొడుగు.

చెప్పినాను.
మొగ్గ పూర్తిగా విప్పకముందే ఆడకొన తల బయట పెడుతుంది,
మగపొడి ఆ తర్వాత గానీ రాలదు,
ఒకే పువ్వులో కాపురం, వేళలు మాత్రం వేరు.
"మా ఇంట్లోనూ అంతే" అన్నింది,
"ఆయప్ప రాత్రి వాచ్‌మెన్, నాకు పగలు మేకలు."

తాత దీన్ని సీమజాలి అనేవాడు.
ఆ సీమ సముద్రాల అవతలిది.
మా సీమ ఇది, చెప్పులకు అంటుకున్న ఈ ఎర్రమన్ను.
ఏ కరువులో రెండూ ఒకటైనాయో
రికార్డుల్లో దొరకలేదు.
జాలి సంగతి థీసిస్‌లో రాయకూడదు.

మూడో శుక్రవారం లెక్కపెడితే నలభైమూడు.
మళ్ళీ లెక్కపెట్టినా నలభైమూడే.
ఒకటి ఎర్ర రవికెగుడ్డ, పసుపు దారం.
ఒకటి కర్చీఫు, లోపల మడిచిన కాగితం,
హాల్‌టికెట్టో, బ్యాంకు నోటీసో,
బయటికి మూడంకెలు కనిపిస్తున్నాయి.
ఇంకొకటి పిల్లోళ్ల సాక్సు. ఒంటిది.

ఆ పై వారానికి యాభైఒకటి.
మొదట్లో కర్పూరం మసి,
నా పదిహేడో నంబరు బిళ్ళకు కుంకుమ.

"మారెక్కా, ఇది మొక్కుల చెట్టని ఎవరు చెప్పినారు?"
"ఎవరూ చెప్పల్యా.
చదువుకున్న పిల్ల, వారంవారం ఎండలో వచ్చి,
మూటలు ముట్టుకుంటా పెదాలు కదిలిస్తాంటే
ఊరికే కట్టింటాదా అనుకున్న్యారు."

పెదాలు కదిలించింది నిజమే.
ఒకటి, రెండు, మూడు అనుకుంటా.

రంగనాయకులు సార్ ఫోన్‌లో కోప్పడినారు:
ఆ పదకొండూ విప్పి పారేయమ్మా, డేటా పాడవుతుంది.
నిచ్చెన వేసినాను. ఎక్కినాను.
రవికెగుడ్డ ముడి మీద చెయ్యి పెట్టి
దిగినాను.

ఏప్రిల్‌లో నావి విప్పినాను.
ఎండిన పూలు, గోధుమరంగు పొడి, ఒక చచ్చిన చీమ.
కాయలు లేవు.
ఇరవైమూడులో ఒకటుండె, గుడ్డకు చిరుగుండె,
దాన్ని కొట్టేసినాను.
సంచి లేని కంకులకు సుమారు రెండు వందల యాభై పూలకు
మూడు కాయలు, ఒక్కోసారి రెండు.
వేరుశనగ వేసినోళ్ళకు ఈ లెక్క
కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

మరి ఇంత పొదుపుగా కాసేది
ఊరంతా ఎట్లా నిండిందని అడిగితే
మారెక్క మేకల వైపు గడ్డం ఎగరేసింది.
గట్టి గింజ. నానబెడితే నానదు.
మేక కడుపులో వేడికి, పులుపుకు పైపొర సడలి,
మూడు నాలుగు రోజులకు పెంటికతో బయటపడి,
అపార్ట్‌మెంటు ముందర పోసిన ఇసుక కుప్పలో,
ఏటీఎం మెట్టు పగులులో,
ఎరువు కొన్న మున్సిపాలిటీ వాళ్ళ పార్కులో,
కానుగ మొక్కకు కట్టిన కంచె లోపల, కానుగ కంటే ముందు
రెండాకులు.

మే నెల చివరి రోజు కెమెరాతో పోయినాను.
సాక్సు బొటనవేలి చిల్లులోంచి
పసుపు కాయ ఒకటి వంకర తిరిగి బయటికొచ్చింది.
ఎవరు ఏమి అడిగి కట్టినారో.
కట్టేలోపే ఏ ఈగో వాలిపోయి ఉంటుంది,
అని నోట్‌బుక్కులో రాస్తున్నా.

నల్లమేక ముందుకాళ్ళు మాను మీద పెట్టి లేచింది.
"హేయ్" అన్నాను.
సాక్సుతో సహా పీకి
నములుతా, తొందరేమీ లేకుండా,
కోర్టు రోడ్డు వైపు నడిచింది.