కాసేపాగు తీగ

పొద్దున్న ఆరున్నరకి కెయిర్న్స్‌లో ఎక్కించుకుంటాను
పదకొండు మందిని, పదకొండు టోపీల్ని,
ఒకే ఒక్క ప్రశ్నని: మొసలి కనిపిస్తుందా?
కనిపిస్తుందని చెప్పను. కనిపించదనీ చెప్పను.
పద్దెనిమిదేళ్ళ డ్రైవరీలో నేర్చుకున్న మర్యాద అది.

ఎడంపక్క చెరకు.
కుడిపక్క చెట్ల సందుల్లోంచి సముద్రం,
ఎవరో చించి, పారెయ్యలేక దాచుకున్న ఉత్తరంలా
ముక్కలు ముక్కలుగా.
మోస్‌మన్ దగ్గర చెరకు రైలు అడ్డం వస్తుంది,
డెబ్భై పెట్టెలు, నత్తనడక.
ఎవరూ విసుక్కోరు. ఇంకా పొద్దున్నే కదా.

తర్వాత డెయిన్‌ట్రీ నది, దానిమీద బల్లకట్టు.
ఇనపతాడు పట్టుకుని అవతలి ఒడ్డుకి పాకుతుంది
పాలు పొయ్యని టీ రంగు నీళ్ళమీద.
దిగీ దిగగానే ఫోన్లు చచ్చిపోతాయి.
అక్కణ్ణించి మాట్లాడేది అడవి.
అది ఊపిరి తీసుకునేటప్పుడు, నేను.

ఆ రోజు వెనకసీటు ముసలాయన
మొసలి సంగతి అడగలేదు.
చీటీలో పేరు క్లెమ్ హార్టిగన్.
నేను గేరు మార్చినప్పుడల్లా
తన కుడికాలు కొంచెం కదిలేది.

మూడో కొండ ఎక్కుతుంటే అన్నాడు,
"ఈ మలుపు ఇంకాస్త లోపలికి ఉండాల్సింది.
రాయి తగిలి బ్లేడు విరిగింది. అందుకే వంచేశాను."

అద్దంలో చూశాను.
ఈ రోడ్డు వేసిన ఏడు నాకు తొమ్మిదేళ్ళు.
మా పిన్ని డెల్మా
పచ్చ బుల్‌డోజరు ముందు గొయ్యి తవ్వుకుని
మెడదాకా మట్టిలో పాతుకుంది,
రెండు రాత్రులు, ఒక వాన.
చీమల గురించే చెప్పేది మాకు,
పోలీసుల ఊసెత్తేది కాదు.

మాట నాలుకమీదకి వచ్చింది.
మింగేసి, వేలు కిటికీ బయటికి చూపించాను.
"అదిగో, దాన్ని కాసేపాగు తీగ అంటారు ఇక్కడ.
కొక్కేలు చొక్కా పట్టుకున్నాయా,
ముందుకి లాగితే చొక్కా పోతుంది, తోలూ పోతుంది.
వచ్చిన దారినే రెండడుగులు వెనక్కి నడవాలి.
అప్పుడు వదుల్తుంది."
ఫొటోలు తీసుకున్నారు.
అతను తియ్యలేదు.

దిగువన, వాగు దాటాక, కాసోవరీ.
నల్లటి ఈకల గొంగడి కప్పుకుని
నీలం మెడ, నెత్తిమీద కొమ్ము కిరీటం,
రోడ్డు నడిమధ్య నిలబడింది.
వెనక చారల పిల్లలు నాలుగు.
తల్లి గుడ్లు పెట్టి తన దారిన తను పోతుంది,
పొదిగేదీ పెంచేదీ ఈ తండ్రే,
అని చెప్పబోతుంటే

"ఇంజను ఆపు" అన్నాడు క్లెమ్.

ఆపాను.
ఆకుమీంచి ఆకుమీదికి నిన్నటి వాన దిగుతున్న చప్పుడు.
ఒక పిల్ల వేడి తారుమీద కూలబడింది,
లేచే ఉద్దేశం ఏమీ లేనట్టు.
పంతొమ్మిది నిమిషాలు.
ఎవరో భోజనం వేళ గుర్తుచేశారు.
తండ్రి అటూ ఇటూ చూసి, ఆగి,
మళ్ళీ బస్సునే చూసింది.

"అప్పుడొకావిడ ఉండేది" అన్నాడు, ఎవరితోనో తెలీకుండా.
"మట్టిలోంచి తల ఒక్కటే.
పొద్దున్నే నన్ను చూసి,
పళ్ళు తోముకున్నావా అబ్బాయ్ అని అడిగింది.
తర్వాత, ఇంజను ఆపు అంది.
ఆపలేదు.
బ్యాటరీ పాడయింది, ఆపితే మళ్ళీ అంటుకోదని భయం.
నిజంగా అంతే.
ఇన్నేళ్ళూ జనం దానికి ఎన్ని కారణాలు చెప్పారో."

మధ్యాహ్నం భోజనం మా పిన్ని పాకలో అని
నేను చెప్పలేదు.

డెబ్భై ఆరేళ్ళ డెల్మా, చేతిలో గరిటె,
వరసలో అందరినీ అడుగుతూ వచ్చింది:
"చేపా? చికెనా?"
అతని దగ్గరా అదే మాట, అదే గొంతు.
అతను టోపీ తీశాడు.
జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది.
నేను బయటికెళ్ళి టైర్లు చూశాను,
బాగానే ఉన్న టైర్లని రెండుసార్లు.

సాయంత్రం బల్లకట్టు మీద
మొసలి కనిపించనే లేదని ఎవరో సణిగారు.
అలవాటుగా లెక్కపెట్టుకున్నాను.

పదకొండు మంది.
పది టోపీలు.