అవతలి గట్టు

నన్నేసాబు సన్నాయికి
దయ్యంతో ఒప్పందం ఉందని
జమ్మలమడుగంతా చెప్పుకునేది.
లేకుంటే ఆ బక్కపానానికి అంత ఊపిరి యాడిది?
పోయినేడే గదా,
రథం ముందర ముఖారి సగంలో తెగిపోతే
డోలు కంబన్న దరువేసి కప్పెట్టింది!

అమాసకమాస గండికోట లోయ అంచుకు పోతాడంట.
ఎర్రబండ మీద కూర్చోని ఊదుతాడంట.
అవతలి గట్టు నుంచి
అదే రాగం తిరిగొస్తాదంట,
రవ్వంత వంకరగా.
దర్గా కాడ సైతానన్నారు.
గుడి కాడ బ్రహ్మరాక్షసన్నారు.
పెండ్లి కుదిరితే మాత్రం
అందరూ ఆయన్నే పిలిచినారు.

ఇంక దాచేదేముంది,
ఆ దయ్యాన్ని నేనే.

పన్నెండేండ్లు నాకు.
అవతల మా గొర్రెల మంద,
చేతిలో ఆరు బొక్కల వెదురుముక్క.
చీకట్లో ఎవరో ఏడ్చినట్టుంటే
నాకొచ్చినంత నేనూ ఏడ్చి చూపించినా.
సన్నాయి ఆగింది.
"ఎవరు నువ్వు?"
లోయ నాలుగుసార్లడిగింది.
బెదిరిపోయి, "దయ్యాన్ని" అన్నా.
"ఏం కావాల?"
కథల్లో దయ్యాలు పెద్దకొడుకును అడుగుతాయి,
నీడను అడుగుతాయి.
నాకేం తెలుసు, ఆకలైతాండె.
"బొరుగులు, బెల్లం" అన్నా.
నవ్వినాడో, దగ్గినాడో.

ఎండకాలం పెన్న అంతా ఇసుకే.
దిగి, దాటి, ఎక్కి
బండ మీది మూట విప్పితే
వేంచిన చెనిక్కాయలు గూడా ఉండేవి,
ఒప్పందంలో లేనివి.
నీళ్లొచ్చిన నెలల్లో
ఆ మూట ఎవరు తినిరో నాకు తెలియదు.

కరువొచ్చి పెండ్లిళ్లు నిలిచిపోయిన ఏడు
బొరుగులు పిడికెడే,
బెల్లం వాసన ఒట్టి గుడ్డకే.
మూట మాత్రం తప్పలేదు.
నేను తప్పు పలికినచోటల్లా
ఆయన మళ్లీ అదే ఊది, మళ్లీ ఊది,
నేను పట్టుకునేదాకా ఇల్లు చేరేవాడు కాదు.
దయ్యానికి పాఠం చెప్పేటోన్ని
యాడన్నా చూసినారా?

తర్వాత గొర్రెలమ్మేసి
ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో చేరినా.
లోయకు మల్లా పోలేదు.

ఆయన మంచాన పడినాడంటే
చెప్పేద్దామనే పోయినా.
జీవాళి తీసి నా అరచేతిలో పెట్టి
"మొన్నమాసకు గూడా పిల్లోనితో మూట పంపినా" అన్నాడు.
"తెల్లారేసరికి ఖాళీ గుడ్డ,
మడిచి రాయికింద పెట్టిండాది.
ఇప్పుడు బాగా పలుకుతాంది లే అది,
నాకన్నా."

నేను మానేసి అప్పటికి పద్నాలుగేండ్లు.

తెరిచిన నోరు మూసుకున్నా.

ఇప్పుడు లోయనిండా రిజర్వాయరు నీళ్లు,
ఇసుక లేదు, దాటే దారి లేదు.
అమాసనాడు ఆఖరి బస్సు దిగి
బొరుగులూ బెల్లం కట్టుకోని పోతాన్నా.
ఆయన కొడుకునడిగి తెచ్చుకున్న సన్నాయికి
జీవాళి తడిపి తొడుగుతా.
సిమెంటు తిన్న రొమ్ము ఇది, ముఖారి సగం కూడా దాటదు.
ఊదినంత ఊది
ఆపి
వింటాన్నా.