తియ్యటి కిటికీ

నాకు తెలిసిన సీసం ఒకటే,
కోటవీధి బడిలో మేష్టారు బెత్తం ఊపుతూ
రాగం తీయించిన పద్యం.
రెండోది పెద్దాసుపత్రి కాగితం మీద చూశాను,
రక్తం లెక్కల్లో,
మూడేళ్ల పైడిశ్రీ పేరు పక్కన.

ఆ కిటికీకి రంగేసింది నేనే.
షిప్‌యార్డులో ఓడ పొట్టకి పూసే ఎర్ర ప్రైమరు
డబ్బా అడుగున మిగిలింది
క్యారేజీ సంచిలో దాచి తెచ్చి,
దానిమీద పచ్చ ఎనామిలు రెండు కోటింగులు.
"ఉప్పుగాలికి వందేళ్లు ఆగుతాదే రత్నం" అన్నాను.
ముప్పై ఏళ్లు ఆగింది.
తర్వాత పొలుసులు,
సముద్రం మీంచి గాలి కొట్టినప్పుడల్లా
గుంట పక్కమీద.

"తియ్యగుంది తాతా"
చువ్వ నాకుతూ చెప్పింది ఒకరోజు.
నవ్వేశాను.
ఆ నవ్వుని ఏ పట్టీతో గీకి పారెయ్యాలో
ఇంకా తెలీదు.

కొత్త కిటికీకి వడ్రంగి చెప్పిన ధర
నా ఐదు నెలల పింఛను.
సిస్టర్ కెజియా డబ్బు మాట ఎత్తలేదు.
"తడి" అంది.
ఏది చేసినా తడిపి చెయ్యమంది.

నలభై ఏళ్లు పొడి ఎమిరీతో రాపాడిన చేతులివి.
గుంటని తల్లితో అల్లిపురం పంపించి,
ఎన్నికలనాటి ఫ్లెక్సీ నేలంతా పరిచి,
ముక్కుకి మాస్కు బిగించి,
నీళ్లు చిలకరిస్తూ, ఆరనివ్వకుండా
పెచ్చు తర్వాత పెచ్చు.
పచ్చ కింద నా ఎర్ర దొంగతనం బయటపడింది.
అంతా ఆ నాయకుడి చిరునవ్వులోనే మూటగట్టాను.
సముద్రంలో విసరలేదు,
దానికి పెట్టింది చాలు.

మంచం అవతలి గోడకి జరిగింది.
చెప్పులు గడప దాటి రావు.
చీపురికి సెలవు, తడిగుడ్డకి ఉద్యోగం.
"ఊడవకపోతే అదేటి ఇల్లు?"
అని రత్నం రెండు వారాలు సణిగి,
మూడో వారం గుడ్డ తనే లాక్కుంది.
పొద్దున రాగిజావ, మధ్యాహ్నం గుడ్డు,
మునగాకు ఎదురింటి గోడమీంచి,
అడిగి కొన్నిసార్లు, అడక్కుండా కొన్నిసార్లు.

ఎన్ని వేల డబ్బాలు మూత తీశానో,
డబ్బా చదవడం మాత్రం ఇదే మొదలు.
పూర్ణా మార్కెట్ కొట్టువాడి కళ్లద్దాలు అడిగి పెట్టుకుని
సీసం కలపలేదన్న చీమతలకాయ అక్షరాలు
వేలుపెట్టి, కూడబలుక్కుని.

మూడు నెలలకి మళ్లీ సూది.
అంకె దిగింది.
కొంచెమే.
"మళ్లీ రండి" అంది కెజియా.

ఇంటికొచ్చి నేను చెప్పులు విప్పేలోగా
గుంట పరిగెత్తి కొత్త చువ్వకి నాలుక ఆనించి
మొహం చిట్లించింది:
"చప్పగుంది."