తరుగు

బీట్‌బజార్‌ల కరెంటు కాంటాలు ఇంకా రాని రోజులు.
మా అత్త చేతి నుంచి నా చేతికొచ్చిన కిలోరాయి,
నల్లగ, నున్నగ,
ఎండుమిర్చి ఘాటు పట్టి, నా అరచేతి చెమట తాగి
నా బిడ్డలకన్న ముందు నన్ను ఎరిగిన రాయి.

పక్క దుకాణం ఓదెలుది.
తక్కెడ తట్ట కింద చింతపండు ముద్ద అంటిస్తడు.
బజారంతకు తెలుసు. నాకు ఇంకొంచెం ఎక్కువ తెలుసు.
పాత ముద్ద ఎండిన రోజు, కొత్తది పెట్టిన రోజు
ఖాతా రాసినట్టు మనసుల రాసుకుంటుంటి.
"సారమ్మ జోకితె సక్కగ జోకుతది" అని
నెక్కొండ నుంచి, వర్ధన్నపేట నుంచి వచ్చేటోళ్ళు అంటుంటె
నా మెడ ఒక్క బెత్తెడు లేచేది.

ఆదివారం దేశాయిపేట చర్చిల
చాప మీద కండ్లు మూసుకొని కూసుంటె
ఒక తట్టల నేను, ఇంకో తట్టల ఓదెలు.
ఇంకో వారం, తాగొచ్చిన మరిది ఇమ్మానుయేలు.
ఇంకో వారం, కానుక సంచిల చిల్లర మోగిచ్చే జెకర్యా పెండ్లాం.
ఎవ్వరిని ఎక్కిచ్చినా నా తట్టే కిందికి దిగేది.
ఆమేన్ అని లేచి
బరువుగ నడుసుకుంట ఇంటికి పోయేదాన్ని.

మిర్చి సీజన్ల ఒకనాడు తూనికల ఆఫీసరు వచ్చిండు.
చెక్కపెట్టె, లోపల ఎర్ర మకమలు గుడ్డ,
దాంట్ల పసిబిడ్డ తీరుగ పండుకున్న ఇత్తడి రాయి.
ఉత్తచేతితోని ముట్టలె, బట్టతోని లేపి పెట్టిండు.
నేను నవ్వుకుంట నా రాయి అందిచ్చిన.

నా తట్ట గాలిలకు లేచింది.

"నలభై గ్రాములు తక్కువమ్మా."
"తప్పు సారూ, పోయిన క్రిస్మస్‌కే ఓదెలు రాయితోని చూసిన,
రెండు సరిసమానం తూగినయి."
ఆయన కసురుకోలె. చిన్నగ అన్నడు:
"రెండూ ఒక్కతీరుగ అరిగినయమ్మా."

ఆ రాత్రి కన్ను మూతపడలె.
కిలోకు నలభై. దినాం ఎన్ని కిలోలు,
పందొమ్మిదేండ్లకు ఎన్ని బస్తాలు,
ఏ తల్లి కూరల కారం తక్కువైందో,
ఎవల్ని పిలిచి తిరిగియ్యాలె?
చింతపండు ముద్ద పెట్టకుంటనె,
ఒక్క అబద్ధం ఆడకుంటనె
దొంగనైన.

గోడకు క్యాలెండర్ల యేసయ్య.
అన్నేండ్లు ఆయనకు దండం పెట్టిన గని
ఆయన్ని తక్కెడల ఎన్నడు పెట్టలె.
తనను కొట్టినోళ్ళ కోసం నోరు తెరిచి అడిగినాయన,
తనను అమ్ముకున్నోని కాళ్ళు గూడ కడిగినాయన.
ఓదెలు కాళ్ళు కడుగుడు పక్కనవెట్టు,
వాని బిడ్డకు జరమొస్తె నేను తొంగి చూడలె.
నా తట్ట ఎంత పైకి పోయిందో
నాకెరుక, ఆయనకెరుక.

తెల్లారి, రాళ్ళు బాగుచేసేటాయన దగ్గరికి పోయిన.
రాయిని బోర్ల తిప్పిండు.
అడుగున ఒక బొర్ర.
ఇన్నేండ్లు కడిగిన, తుడిసిన, తిప్పి చూడలె.
అండ్ల సీసం కరిగిచ్చి పోసిండు, చుక్క చుక్క,
ఇత్తడిరాయి సాలు అనేదాక.
మీద సుత్తెతోని ముద్ర కొట్టిండు.
రాయి తన తరుగు తాను నింపుకోలేదు.
ఇంకొకటి నిప్పుల కరిగి దాంట్లకు దిగాలె.

నా ఎనుక వరుసల ఓదెలు.
చేతిల గసొంటి రాయే, తల కిందికేసుకొని.
ఇద్దరం మాట్లాడుకోలె.
"బిడ్డకెట్లున్నది?" అని మాత్రం అడిగిన.
"పెండ్లి గూడ అయిపాయె సారక్కా" అన్నడు.

నా మెడ మారిందని అనను.
ఆ మాపటికే, జోకుకుంట జోకుకుంట
కండ్లు వాని తట్ట కిందికి పోయినయి.
గుంజి మల్లిచ్చిన.
ముల్లు నడుమకు వచ్చేదాక ఆగి,
ఇంకో గుప్పెడు మిర్చి
ఏసిన.