మూడు రూపాయల వడ్డీ

కుళ్ళాయప్ప సార్ బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి
దీని పేరు కాలం అన్నాడు.
పైకి బాణం వేస్తే వచ్చింది,
కిందికి వేస్తే పోయింది.
సబ్జెక్టు ఇంతే, మిగతాదంతా కాలిక్యులేటరు.

ఈ రోజు రూపాయీ వచ్చే ఏటి రూపాయీ
ఒకటి కాదన్నప్పుడు
ప్రొద్దుటూరు పిల్లలం నవ్వుకున్నాం.
మా ఊర్లో పొద్దుటి బంగారం రేటూ
సాయంత్రం రేటే ఒకటి కాదు.

నెలకు ఒక శాతం అంటే ఏమిటని సార్ అడిగితే
"రూపాయి వడ్డీ" అని నోరు జారాను.
క్లాసంతా గొల్లుమంది.
సార్ మాత్రం సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ
"అదే. రాసుకోండి" అన్నాడు.

మూడో యూనిట్లో
రాబడి రేటు కనుక్కునే లెక్క.
సూటిగా దొరకదంట.
ఒక అంకె వేసి చూడాలి, ఎక్కువైతే తగ్గించాలి,
మసక వెలుతుర్లో సూదికి దారం ఎక్కించినట్టు.

ఆ రాత్రి పుస్తకంలో లెక్క వదిలేసి
మా ఇంటి లెక్క పట్టుకున్నాను.
గుర్రమ్మత్త లక్ష రూపాయల చీటీ.
ఇరవై మంది, ఇరవై నెలలు.
మూడో నెల పాటలోనే
ముప్పైవేలు తోసి
డెబ్బైవేలు కొంగున కట్టుకొచ్చింది మాయమ్మ.
మరుసటి రోజే నా ఫీజుకు ఆఖరు తేదీ.

గీత గీశాను.
ఒక్క పొడుగాటి బాణం పైకి,
చీర ఫాల్స్ కుట్లలాగా కిందికి పందొమ్మిది.
రెండున్నర వేస్తే ఇటు మొగ్గింది,
మూడున్నర వేస్తే అటు.
మధ్యలో కరెంటు పోయింది.
ఫోను లైటులో, పన్నెండు దాటినాక దొరికింది:
నెలకు మూడు, కొంచెం అటూ ఇటూ.
చక్రవడ్డీ కట్టి చూస్తే
ఏడాదికి నలభై రెండు దాటింది.

కడుపులో ఏదో చల్లగా జారింది.
పాపం తెలియక పాడింది,
నా కోసం పాడింది.

పొద్దున మిషను పక్కన నిలబడి
"మా, ఆ చీటీలో నీకెంత వడ్డీ పడిందో తెలుసునా?"
పెదాల మధ్య గుండుసూది తీయకుండానే అనింది
"మూడు రూపాయలు పడింది లేమ్మే.
సేటు కాడికి పోతే అయిదు అడిగినాడు."

కాలిక్యులేటరు లేదు. గీత లేదు.
వేళ్ళ కణుపుల మీద ఆమె బొటనవేలు నడవడం
చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను.
ఏదో జపమనుకున్నాను.

నా నోటుబుక్కు తనవైపు తిప్పుకొని చూసింది.
"ఇదేంది, పైకి ఒక్కటే ఉండాది?"
అది నా ఫీజు మా.
"మరి గీత ఆడికే ఆపినావే.
ఇరవయ్యో నెలకు కాలం అయిపోతుందా?"
మిషను మళ్ళీ కదిలింది.
జాకెట్టు ముక్క ఒకటి నా కాళ్ళ మీద పడింది.

ఇంటర్నల్ పరీక్షలో అదే లెక్క, అంకెలు వేరు.
జవాబు రాసి, కింద రెండు గీతలు కొట్టి,
కాలం గీతను మాత్రం
మార్జిను దాటించి కాగితం అంచుదాకా లాగాను.
సార్ అర మార్కు కోశాడు.